కుందేలు ఏం చూస్తోంది?

డిపోలో ఆవిడని అందరూ ఎందుకమ్మ అంటారు. సిటీ బస్సు నడుపుతుంది. స్టీరింగు పట్టుకున్న తొలి వారంలోనే ఆ పేరు వచ్చిపడింది. నేర్పించే పెద్ద డ్రైవరు "ఈ మలుపులో గేరు తగ్గించు" అంటే తగ్గించేది. తగ్గించాక "ఎందుకు?" అనేది. ఆయన చెప్పేవాడు. చెప్పినదాంట్లోంచే ఇంకో ప్రశ్న తీసేది. సాయంత్రానికి ఆ పెద్దమనిషికి తల ప్రాణం తోకకొచ్చి, "ఈవిడ బస్సు నేర్చుకుంటోందో, నన్ను పరీక్షకి కూర్చోబెట్టిందో అర్థం కావట్లేదు" అని క్యాంటీన్‌లో మొర పెట్టుకున్నాడు.

పేరు వెక్కిరింపుగా పెట్టిందే. అయినా ఆవిడ నొచ్చుకోలేదు. చిన్నప్పుడు ఒక పెద్ద దుకాణంలో, ఎస్కలేటర్ మెట్లు అడుగున మాయమై ఎక్కడికి పోతాయో చూడాలని జనం కాళ్ళ మధ్య బోర్లా పడుకుని, వాళ్ళమ్మ చేత వీపు మోగించుకున్న మనిషి ఆవిడ. బస్సులోనూ అంతే. అద్దంలోకి ఒక చూపు విసిరి, వచ్చే స్టాపులో ఎవరు దిగుతారో ముందే చెప్పేది. సంచి పట్టీ సవరించుకునేవాళ్ళు ఒక రకం, కూర్చున్నచోటే మడమలు లేపేవాళ్ళు ఇంకో రకం. కండక్టరు ఆవిడకన్నా చిన్నవాడు, "అక్కా, నువ్వు జాతకాలు చెప్పుకుంటే ఇంతకన్నా బాగుపడతావు" అని ఆటపట్టించేవాడు.

ఇంత గమనించే మనిషికి సొంత కూతురి గురించి అడగాల్సిన ఒక ప్రశ్న చాలాకాలం తట్టనే లేదు.

కూతురికి అప్పుడు ఏడేళ్ళు. మునివేళ్ళ మీద గెంతుతున్నట్టు నడిచేది కాబట్టి నాయనమ్మ కుందేలు అంది, ఇంటిల్లిపాదికీ ఆ పేరే అలవాటైంది. మాటలు రావాల్సిన వయసులో రాకపోతే ఎక్కడెక్కడికో తిప్పి చూపించారు. ఆటిజం అన్నారు డాక్టర్లు. ఆ మాట విన్నరోజు ఎందుకమ్మ ఆసుపత్రి మెట్ల మీద కాసేపు కూర్చుండిపోయి, తర్వాత లేచి డ్యూటీకి వెళ్ళిపోయింది. బస్సు నడుపుతుంటే రోడ్డు తప్ప ఇంకేం ఆలోచించకూడదు. ఆ రోజు ఆవిడకి కావలసింది అదే.

కుందేలుకి మాటలు కొన్నే. అవి కూడా మనం అడిగినప్పుడు కాదు, తనకి బుద్ధి పుట్టినప్పుడు వచ్చేవి. తిండి ఒక యుద్ధం. కరకరలాడేవి తప్ప ముట్టేది కాదు. కాల్చిన బ్రెడ్డు అంచులు, బిస్కెట్లు, తొక్క తీసిన ఆపిల్ ముక్కలు, అంతే. నాలుగేళ్ళ వయసులో ఒకసారి పన్ను నొప్పికి డెంటిస్టు దగ్గరికి తీసుకెళ్తే, అక్కడి చప్పుళ్ళకి ఆ పిల్ల గది పైకప్పు లేపేసింది. తండ్రికి ఏం చెయ్యాలో తోచక, తను పనిచేసే ప్రింటింగ్ ప్రెస్సు వాళ్ళిచ్చిన పాత టాబ్లెట్ తీసి ఏదో వీడియో పెట్టి చేతిలో ఉంచాడు. ఏడుపు కుళాయి కట్టేసినట్టు ఆగింది.

మర్నాడు భోజనం దగ్గర కూడా అదే పెట్టారు. తెర మీద బొమ్మ కదులుతుంటే నోట్లో ఏం పెట్టినా మింగేసింది. కూరలు, గుడ్డు, పప్పు, ఒకటేమిటి! నాయనమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఆ టాబ్లెట్‌కి దక్కిన మర్యాద అల్లుడికి కూడా దక్కదు. ఛార్జింగ్ తగ్గితే ముగ్గురూ పరిగెత్తేవాళ్ళు.

వీడియోలు పోనుపోను ఒక్కటే అయిపోయాయి. ఎవరో కారు లోపల కెమెరా బిగించి, ఆ కారుని కడిగే యంత్రంలోంచి నడిపించారు. నురగ కురుస్తుంది, పెద్దపెద్ద బ్రష్షులు తిరుగుతూ వచ్చి అద్దాన్ని రుద్దుతాయి, నీళ్ళు కొడతాయి, గాలి కొడుతుంది, కారు బయటికొస్తుంది. ఒక్క మనిషి మాట్లాడడు. అదే, లేచింది మొదలు కళ్ళు మూతలు పడేదాకా. టాబ్లెట్‌ని ముక్కుకి దగ్గరగా పట్టుకుని, తల పక్కకి వాల్చి, కంటి కొసల నుంచి చూసేది. పార్కుకి పద అంటే నేలకి అతుక్కుపోయేది. నిద్ర చెదిరిపోయింది. కడుపు సరిగ్గా ఉండేది కాదు.

ఏడాదికోసారి చూపించే డాక్టరు బరువు చూసి పెదవి విరిచాడు. "తెర తగ్గించాలమ్మా. బాగా నడిపించండి, పరిగెత్తించండి. పడుకునే ముందైతే అసలు వద్దు." ఆయన చెప్పింది నిజమే. ఎలా అన్నది మాత్రం ఆ గదిలో దొరకలేదు. బయట ఇంకో రోగి వరసలో ఉన్నాడు.

ఎలా అన్నది వదిన చెప్పింది. "ఇందులో ఏముంది? తీసి దాచెయ్యి. రెండు రోజులు ఏడుస్తారు, మూడోరోజు మర్చిపోతారు. మావాడికి ఫోను అలాగే మాన్పించా."

తేలిగ్గా ఉంది కాబట్టి ఎందుకమ్మకి ఆ సలహా నచ్చింది. టాబ్లెట్‌ని సంచిలో వేసుకెళ్ళి డిపోలో తన లాకర్లో పెట్టి తాళం వేసింది.

కుందేలు ముందు ఇల్లంతా గాలించింది. సోఫా కింద, దిండు గలీబుల్లో, వాషింగ్ మెషిన్ లోపల. లేదని తేలాక గోడకి వీపు ఆనించి కూలబడి, తన చెయ్యి తనే కొరుక్కుంది. నీళ్ళు తప్ప ఏదీ ముట్టలేదు. మర్నాడు బిస్కెట్లు కూడా తోసేసింది. తండ్రి ప్రెస్సు నుంచి వచ్చిన సిరా మరకల చొక్కాతోనే పక్కన చతికిలబడి, కాగితం విమానాలు చేసి ఎగరేశాడు. గదంతా విమానాలే. పిల్ల ఒక్కదాని వైపూ చూడలేదు.

ఆ తర్వాతి రోజు ఎందుకమ్మ డ్యూటీ దిగి వచ్చేసరికి ఇల్లు ప్రశాంతంగా ఉంది. కుందేలు బుద్ధిగా బల్ల దగ్గర కూర్చుని ఉడికించిన బంగాళాదుంప తింటోంది. ఎదురుగా నాయనమ్మ ఫోను. అందులో అదే కారు, అదే నురగ.

"అత్తయ్యా!"

"నన్నేం అనకమ్మాయ్. నేనేం పెట్టలేదు. ఫోను చేతికిచ్చానంతే, అదే వెతుక్కుంది. మీరిద్దరూ ఏడాదిగా నేర్పిస్తున్నా నాకింకా రాలేదు, అది చిటికెలో పట్టేసింది."

ఎందుకమ్మకి కోపం రావాలో నవ్వు రావాలో తెలియలేదు. కుందేలు చేతి మీద పళ్ళ గుర్తులు చూశాక రెండూ పోయాయి. మర్నాడే టాబ్లెట్ ఇంటికొచ్చింది.

వారానికోసారి వెళ్ళే థెరపీ సెంటర్లో ఒక చిన్నవయసు అమ్మాయి ఉండేది. ఇంట్లో అందరూ టీచరమ్మ అనేవాళ్ళు. జరిగిందంతా ఆవిడకి చెప్పి, తిట్లు తినడానికి సిద్ధపడి కూర్చుంది ఎందుకమ్మ. టీచరమ్మ తిట్టలేదు. రబ్బరు చాప మీద దొర్లుతున్న కుందేలుని చూస్తూ అడిగింది.

"తగ్గిద్దామండీ. కానీ పాపకి ముందుగా తెలిసేలా, కొంచెం కొంచెంగా. అది తర్వాత మాట్లాడుకుందాం. ఆ వీడియోలో పాప ఏం చూస్తుంది?"

"కారు కడగడం."

"అది వీడియోలో ఉన్నది. పాప చూసేది ఏంటి?"

"తెలీదండీ," అంది ఎందుకమ్మ.

"నాకూ తెలీదు," అని నవ్వింది టీచరమ్మ. "తెలిస్తే, అదే సంగతి తెర బయట ఎక్కడైనా దొరుకుతుందేమో వెతకొచ్చు. దొరక్కపోతే పోయె, మీ అమ్మాయి గురించి మీకు కొత్త విషయం ఒకటి తెలుస్తుంది కదా."

తిరుగు ప్రయాణంలో ఎందుకమ్మ చెవుల్లో ఆ ప్రశ్నే గింగిరాలు తిరిగింది. లోకంలో కనపడిన ప్రతిదాన్నీ ఎందుకని అడిగిన నోరు, మూడేళ్ళుగా కళ్ళెదుట జరుగుతున్నదాన్ని ఒక్కసారీ అడగలేదేం? ఆలోచిస్తే జవాబు తెలుస్తూనే ఉంది. పిల్ల తెరలోకి చూడగానే వీళ్ళు ముగ్గురూ ఊపిరి పీల్చుకుని తలో పని మీద పడేవాళ్ళు. పిల్ల చూసేది చూడ్డానికి ఎవరూ మిగలలేదు. సిగ్గనిపించింది. సిగ్గు కన్నా ఎక్కువగా, చాన్నాళ్ళ తర్వాత, కుతూహలంగా అనిపించింది.

ఆ రోజు నుంచి ఇల్లు చిన్నసైజు పరిశోధనశాల అయింది. తలొకరికీ తలో సిద్ధాంతం. తండ్రి రంగుల మనిషి. "ఆ నీలం బ్రష్షు మీద ఎర్ర బ్రష్షు వచ్చినప్పుడు చూడు, ఎంత బాగుంటుందో. అదే అయ్యుంటుంది," అన్నాడు. నాయనమ్మ చప్పుడని పందెం కాసింది. "జోలపాటలా హోరుమంటుంది. నాకే నిద్రొస్తుంది." కండక్టరైతే అసలు ఆలోచించడానికే ఒప్పుకోలేదు. "ఇదొక ప్రశ్నా అక్కా? తల్లి బస్సు తోలుతుంది, పిల్లకి బండ్లంటే ప్రాణం. రక్తంలో ఉంది!" ఎందుకమ్మ మనసు ఈ మాట వైపే మొగ్గింది. ఏ తల్లికి మొగ్గదు?

తండ్రి టాబ్లెట్ తెరని నలుపు తెలుపుగా మార్చి ఇచ్చాడు. కుందేలు మామూలుగానే చూసింది. ఆయన సిద్ధాంతం అక్కడితో సరి. మర్నాడు శబ్దం తీసేశారు. అప్పుడూ మామూలే. నాయనమ్మ మూతి ముడుచుకుంది. ఇక కండక్టరు తనే ఒక బొమ్మ బస్సు తెచ్చి ఇచ్చాడు. కుందేలు దాన్ని తిరగేసి, ఒక చక్రాన్ని నాలికతో తాకి, పక్కన పెట్టేసింది.

"బొమ్మ కదా, అందుకే," అన్నాడతను ఓటమి ఒప్పుకోకుండా. "అసలైన బండిని కడుగుతుంటే చూపించు."

డిపోలో బస్సులు కడిగే షెడ్డు ఉంది. టీచరమ్మ బొమ్మల చీటీలు చేసిచ్చింది. ముందు నడక, తర్వాత బస్సు, తర్వాత నీళ్ళు, తర్వాత ఇల్లు. వెళ్ళే ముందు వారమంతా రోజూ వాటిని వరసగా చూపించారు. చెవులకి చప్పుడు తగ్గించే హెడ్‌ఫోన్లు పెట్టారు. బస్టాపు నుంచి డిపో గేటు దాకా పొడవాటి ఇటుక గోడ. కుందేలు ఆ గోడని ఒక వేలితో రాసుకుంటూ, ఇటుకకీ ఇటుకకీ మధ్య గాడిలో వేలు జారినప్పుడల్లా చిన్నగా గెంతుతూ, అంత దూరమూ నడిచేసింది. పార్కుకి రమ్మంటే నేలకి అతుక్కుపోయే పిల్ల! తండ్రి, "చూశావా, ఎత్తుకోమనలేదు" అన్నాడు. ఎందుకమ్మ వినిపించుకోలేదు. ఆవిడ ధ్యాసంతా షెడ్డు మీదే ఉంది.

తీరా చూస్తే షెడ్డులో ఏమీ జరగలేదు. కడుగుతున్న బస్సులో తల్లి ఒళ్ళో కూర్చుని, మూసిన కిటికీలోంచి, తిరుగుతూ వచ్చి అద్దాన్ని రుద్దిన బ్రష్షుని కుందేలు ఎవరో పరాయి మనిషిని చూసినట్టు చూసింది. నీళ్ళు కొట్టినప్పుడు కాస్త ముందుకి వంగింది. బ్రష్షు వెళ్ళిపోయాక అద్దం మీద మిగిలిన చుక్కలు కిందికి జారుతుంటే ఒక నిమిషం వాటి వంకే చూసి, తల తిప్పేసుకుని, "ఇల్లు" అంది.

కండక్టరు ముఖం వేలాడేశాడు. "మన రక్తం కాదక్కా," అన్నాడు.

ఎందుకమ్మకి మాత్రం ఆ ఒక్క నిమిషం పట్టుకుంది. బ్రష్షుని చూడని పిల్ల చుక్కల్ని ఎందుకు చూసింది? చూస్తున్నదల్లా విసుక్కుని తల ఎందుకు తిప్పుకుంది, ఎదురుచూసింది రానట్టు?

తర్వాతి సెలవురోజు మధ్యాహ్నం కుందేలు కిటికీ పక్కన నేల మీద పడుకుని వీడియో చూస్తోంది. ఎందుకమ్మ వెళ్ళి పక్కనే పడుకుంది. పిల్ల తల ఎటు వాలిందో తనూ అటే వాల్చింది, టాబ్లెట్‌కి అంతే దగ్గరగా జరిగింది. కుందేలు ఒకసారి మోచేత్తో పొడిచి, తర్వాత ఊరుకుంది. నురగ వచ్చింది. బ్రష్షులు వచ్చాయి. పిల్ల వేలు తెర అడుగున గీత మీదే ఉంది. బ్రష్షులు రాగానే ఆ వేలు వీడియోని ముందుకి తోసేసింది. ఇన్నాళ్ళూ అందరూ ఏవైతే గొప్పనుకున్నారో వాటిని దాటేసింది! వీడియో చివరికి వచ్చింది. గాలి కొట్టే యంత్రం కారు మీదికి దిగింది. అక్కడ వేలు ఆగింది. ఆ ముక్క అయ్యాక వెనక్కి జరిగింది. మళ్ళీ అదే ముక్క. మళ్ళీ.

ఎందుకమ్మ కళ్ళు చికిలించి చూసింది. అద్దం నిండా చుక్కలు. గాలి తగలగానే అవి వణికాయి. ఒకటి కదిలింది, పక్కదాన్ని కలుపుకుని లావైంది, వెనక తోక వదులుతూ పరుగు పెట్టింది.

పైకి.

"నీళ్ళు పైకి పోతున్నాయి!" అని అరిచేసింది ఎందుకమ్మ. వంటగదిలోంచి నాయనమ్మ గరిటెతో సహా పరిగెత్తుకొచ్చింది, ఏ ట్యాంకు పొంగిందో అనుకుని. ముగ్గురూ, కాసేపటికి తండ్రితో నలుగురూ, ఆ చిన్న తెర చుట్టూ చేరి చూశారు. నిజమే. లోకంలో నీళ్ళన్నీ కిందికి పోతాయి, ఇవి మాత్రం గోడెక్కే చీమల్లా పైకి పాకుతున్నాయి. ఒకటి నిలబడి, ఆలోచించుకుని, పక్కకి తిరిగి మరీ వెళ్తోంది.

"అబ్బ! ఎంత బాగుందే," అంది నాయనమ్మ. "ఇన్నాళ్ళూ మాకు చెప్పవేం?"

మర్నాడు డిపోలో ఎందుకమ్మ తనకి బస్సు నేర్పిన పెద్ద డ్రైవరుని పట్టుకుంది. ఆయన రిటైర్మెంటుకి దగ్గరపడ్డాడు, అయినా ఆవిడ ప్రశ్నలకి ఇంకా రిటైర్మెంటు రాలేదు.

"బస్సు అద్దం మీద నీళ్ళు పైకి పోతాయా అన్నా?"

"ఎందుకు పోవు? వానలో జోరుగా పోతుంటే చూడు. ఎదురుగాలి అద్దానికి కొట్టుకుని, దారి లేక పైకి ఎగబాకుతుంది, చుక్కని కూడా లాక్కుపోతుంది. మెల్లగా పోతే చుక్క బరువు గెలుస్తుంది, జోరుగా పోతే గాలి గెలుస్తుంది."

"మరి నేనిన్నేళ్ళుగా నడుపుతున్నా, ఎప్పుడూ చూడలేదేం?"

"నువ్వు రోడ్డు చూస్తున్నావు కాబట్టి. నువ్వు చుక్కలు చూస్తూ కూర్చుంటే మేమంతా ఏమైపోవాలి?"

ఇక వాన కోసం ఎదురుచూడ్డం మొదలైంది. ఆ ఇంట్లో వాతావరణ వార్తలు అంత భక్తిగా ఎప్పుడూ వినలేదు. మబ్బు పట్టిన ఒక సెలవురోజు, పెద్ద డ్రైవరు ఊరి చుట్టూ తిరిగే వెడల్పు రోడ్డు మీద బస్సు తిప్పుతున్నాడని తెలిసి, తల్లీకూతుళ్ళు ఎక్కారు. తలుపు పక్కన అందరికన్నా ముందుండే సీటు. ఆ వైపు ముందు అద్దంలో వైపర్ అందని మూల ఒకటుంది.

సిగ్నళ్ళ మధ్య బస్సు ఈడ్చుకుంటూ పోయినంతసేపూ చుక్కలు కిందికే జారాయి. కుందేలు ఒళ్ళో అటూ ఇటూ మెలికలు తిరిగింది. "ఇల్లు" అంది.  షెడ్డు దగ్గర జరిగిందే మళ్ళీ జరుగుతుందనుకుంది ఎందుకమ్మ. బస్సు చివరి సిగ్నలు దాటి ఖాళీ రోడ్డెక్కింది. ఇంజను గొంతు మారింది. మూలనున్న చుక్క ఒకటి వణికి, నిలబడింది. తర్వాత నెమ్మదిగా, ఎవరో దారంతో లాగుతున్నట్టు, పైకి కదిలింది.

కుందేలు మెలికలు ఆగిపోయాయి. ఒళ్ళంతా కళ్ళైనట్టు బిగుసుకుని కూర్చుంది. ఇంకో చుక్క. ఇంకోటి. అద్దమంతా పరుగులు. పెద్ద డ్రైవరు వేగం నిలకడగా ఉంచాడు. అప్పుడు కుందేలు తల తిప్పకుండానే వెనక్కి చెయ్యి చాచి, తల్లి చెయ్యి వెతికి పట్టుకుని, చూపుడువేలు ఒక్కటీ విడదీసి, దాన్ని అద్దానికి ఆనించింది. చుక్క ఎటు పోతే ఆ వేలిని అటు తీసుకెళ్ళింది.

అప్పటిదాకా ఆ పిల్ల ఎవరికీ ఏదీ చూపించలేదు. కావలసిన వస్తువు దగ్గరికి చెయ్యి పట్టుకుని ఈడ్చుకెళ్ళేది, అంతవరకే. ఇది కావాలని కాదు. ఇదిగో, చూడు అని. ఎందుకమ్మ చేతిని పిల్లకి వదిలేసింది. వేలు పిల్ల చెప్పిన చోటల్లా తిరిగింది. చుక్క అద్దం పై అంచుకి చేరి మాయమయ్యాక, కుందేలు "పోయింది" అంది. తల్లి కూడా "పోయింది" అంది. ఇద్దరూ కింద నుంచి కొత్త చుక్కని ఎంచుకున్నారు.

ఈ సంగతి విని టీచరమ్మ ఎగిరి గంతేసినంత పనిచేసింది. "దీనివల్ల మాటలు గడగడా వచ్చేస్తాయని నేను చెప్పను," అని జాగ్రత్తపడింది వెంటనే. "కానీ ఇద్దరూ కలిసి ఒకదాన్ని చూశారు. అది ఇంట్లో కూడా జరిగేలా చూడండి."

వాన రోజూ రాదు, బస్సూ రోజూ ఖాళీ రోడ్డెక్కదు. అందుకని తండ్రి నీళ్ళు చిమ్మే సీసా ఒకటి, స్ట్రాల కట్ట ఒకటి తెచ్చాడు. సాయంత్రం కిటికీ అద్దం మీద నీళ్ళు చిమ్మి, స్ట్రాతో కింద నుంచి ఊదితే చుక్క పైకెక్కుతుంది. ఎవరి చుక్క ముందు చేరితే వాళ్ళు గెలిచినట్టు. నాయనమ్మ దమ్ము చాలక తన చుక్కని వేలితో తోసేసేది. కుందేలు ఆ వేలిని పట్టుకుని పక్కన పెట్టేది. పడుకునే ముందు టాబ్లెట్ చూసే సమయాన్ని ఈ ఆట నెమ్మదిగా మింగేసింది. నిద్ర పూర్తిగా కాకపోయినా చాలావరకు దారికొచ్చింది.

భోజనం అంత తేలిగ్గా లొంగలేదు. టాబ్లెట్‌ని పళ్ళెం పక్క నుంచి బల్ల చివరికి, అక్కడి నుంచి అలమారకి కొద్దికొద్దిగా జరిపారు. ముందు పళ్ళెం, తర్వాత టాబ్లెట్ అని బొమ్మల చీటీలు గోడకి అంటించారు. అలమార దాకా వెళ్ళేసరికి కూరలన్నీ పోయాయి. మళ్ళీ బిస్కెట్లు, బ్రెడ్డు అంచులే. నాయనమ్మ గోల పెట్టింది. "ఇంత కష్టపడి అలవాటు చేసినవన్నీ మట్టిపాలు చేశారు!"

"అలవాటు కాలేదత్తయ్యా. అది ఏం తింటోందో దానికే తెలీదు," అంది ఎందుకమ్మ. అంది గానీ, లోపల తనకీ బెంగే. చాలా వారాలు అలాగే గడిచాయి. ఒకరోజు తల్లి టిఫిన్ డబ్బాలో మిగిలిన పచ్చి క్యారెట్టుని కుందేలు టక్కున విరిచింది. ఆ చప్పుడు నచ్చినట్టుంది, ఇంకోసారి విరిచింది. తర్వాత కొరికింది. తెర లేకుండా, తెలిసి, కావాలని తిన్న మొదటి కూరగాయ అది. ఆ రాత్రి ఇంట్లో అందరి భోజనమూ క్యారెట్లే.

అసలు తమాషా ఇంకోటి జరిగింది. చీటీలో ఉన్నది తనకొక్కదానికే అని కుందేలుకి ఎవరూ చెప్పలేదు. భోజనాల బల్ల మీద తెర ఉండకూడదంటే ఎవరిదీ ఉండకూడదు. ఒక ఆదివారం మధ్యాహ్నం తండ్రి ఆట స్కోరు చూసుకుంటూ తింటున్నాడు. కుందేలు లేచి వచ్చి ఫోను తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. తర్వాత సీరియల్ చూస్తున్న నాయనమ్మది. చివరికి, డ్యూటీ మార్పు కబురు వస్తుందేమోనని ఎందుకమ్మ పళ్ళెం పక్కన బోర్లించి పెట్టుకున్నది. భోజనాలయ్యాక ముగ్గురూ ఇల్లంతా వెతుక్కున్నారు. ఫోన్లు చెప్పుల అరలో ఉన్నాయి, ఎవరి ఫోను వాళ్ళ చెప్పుల్లో.

"చూశావా, మనల్ని బాగా గమనించింది," అన్నాడు తండ్రి, చెప్పులోంచి ఫోను దులుపుకుంటూ.

నాయనమ్మ మాత్రం, "సరిగ్గా హత్య ఎవరు చేశారో చెప్పబోతుంటే లాక్కెళ్ళింది," అని వారం రోజులు ఏడ్చింది. అయితే ఆ తర్వాత బల్ల దగ్గర నలుగురూ ఒకరి ముఖాలొకరు చూసుకుంటూ తినక తప్పలేదు. మొదట్లో ఏం మాట్లాడుకోవాలో ఎవరికీ తోచేది కాదు. ఎందుకమ్మ బస్సులో ఎక్కిన మనుషుల గురించి చెప్పడం మొదలుపెట్టింది, అక్కడి నుంచి కబుర్లు వాటంతటవే నడిచాయి.

అన్నీ ఇలా సాఫీగా సాగాయనుకుంటే పొరపాటు. జ్వరం వచ్చిందంటే టాబ్లెట్ పళ్ళెం పక్కకి వచ్చేసేది. బడి సెలవుల్లో ఎందుకమ్మకి వరసగా డ్యూటీలు పడి, తండ్రికి ప్రెస్సులో ఊపిరాడనప్పుడు, కుందేలు పొద్దస్తమానం తెరకే అతుక్కుపోయింది. వదిన వచ్చి చూసి, "నేను చెప్తే విన్నావా?" అంది.  సెలవులయ్యాక ఎందుకమ్మ మళ్ళీ బల్ల చివరి నుంచి మొదలుపెట్టింది.

నడక ఒక్కటే ఎవరూ ప్రయత్నించకుండా దానంతటది నిలబడింది. తండ్రి పట్టుకున్న సంగతే అది. కుందేలుకి డిపో అక్కర్లేదు, డిపో గోడ కావాలి. ఎందుకమ్మ డ్యూటీ దిగే వేళకి తండ్రీకూతుళ్ళు ఆ గోడ వెంబడి నడుచుకుంటూ వస్తారు. రానుపోను మంచి దూరమే. డాక్టరు ఈసారి బరువు చూసి, "ఏం చేస్తున్నారేంటి?" అన్నాడు. "గోడ రాసుకుంటూ తిరుగుతున్నామండీ," అన్నాడు తండ్రి. ఆయన నవ్వి, అర్థం కాకపోయినా, "కానివ్వండి" అన్నాడు.

ఇప్పుడు కుందేలుకి పదేళ్ళు. మాటలు కాసిని పెరిగాయి. టాబ్లెట్ ఇంకా ఉంది. బడి నుంచి వచ్చాక ఒక విడత, గంట మోగే దాకా. గంట మోగగానే ఒక్కోసారి ఇచ్చేస్తుంది, ఒక్కోసారి పేచీ పెడుతుంది, అందరి పిల్లల్లాగే. కారు కడిగే వీడియో మీద మోజు ఎప్పుడో తీరిపోయింది. ఎప్పుడు తీరిందో ఎవరూ గమనించలేదు.

ఈమధ్య కొత్తది పట్టింది. ఏదో రైల్వే స్టేషన్లో రైళ్ళ వేళలు చూపించే పాతకాలపు బోర్డు. అక్షరాల పలకలు టపటపా తిరగబడి కొత్త పేరు పడుతుంది. అంతే, వీడియో అంతా అదే. అక్షరాలు నేర్చుకుంటోందని తండ్రి సంబరపడ్డాడు. ఎందుకమ్మకి నమ్మకం కుదరలేదు. మొన్న సాయంత్రం యూనిఫాం కూడా విప్పకుండా వెళ్ళి పక్కన వాలింది. కుందేలు తనే జరిగి, తల పెట్టుకోవడానికి దిండులో సగం ఇచ్చింది.

నాయనమ్మ దీపం వెయ్యడానికి వచ్చి నిలబడింది. "అందులో ఏముందని చూస్తున్నారే ఇద్దరూ?"

"ఇంకా తెలీలేదత్తయ్యా," అంది ఎందుకమ్మ కళ్ళు తిప్పకుండా. "పేర్లు మాత్రం కాదు. పేరు పడగానే దాటేస్తోంది. కాస్త పక్కకి జరగండి, వెలుతురుకి అడ్డొస్తున్నారు."